ముఖం పడమరకు మాత్రమే

కావిపల్లెకూ సుద్దపల్లెకూ నడుమ ఉన్న పంచవన్నెల గట్టు మీద, దేవుడు రాళ్ళను పుట్టించిన నాటి నుంచీ జనం రెండువైపులా నడిచేవాళ్ళు. ఎదురుబొదురైనప్పుడు ఒకరు "రొంత జరుగప్పా" అనేవారు, రెండోవారు జరిగేవారు. ఆ గట్టు మీద అమల్లో ఉన్న చట్టమంతా ఇంతే. ఇంత పెద్ద చట్టాన్ని అమలు చెయ్యడానికి ఒక ఆఫీసు కూడా లేదన్న సంగతి చాలాకాలం ఎవరికీ తట్టలేదు.

గట్టు సొగసు మాత్రం చెప్పుకోవలసిందే. అడుగున కావి ఎరుపు, దాని మీద పసుపుకొమ్ము రంగు, ఆపైన వంకాయ ఊదా, మధ్యమధ్య బూడిద చారలు, శిఖరాన తెల్లటి సుద్ద. చీరలు మడతపెట్టి ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటుంది. చుట్టూ వానలు దారి మరిచిపోయిన నేల. బ్రహ్మజెముడు తప్ప పచ్చగా ఉండడానికి ఒప్పుకున్న మొక్క లేదు. గట్టు వెన్ను మీద కాలిబాట. దాని తూర్పు కొసన కావిపల్లె, పడమటి కొసన సుద్దపల్లె. గట్టును చుట్టివచ్చే రోడ్డు ఒకటి ఉంది గానీ, దాని వంతెన ఎప్పుడో ఒక్కసారి పొంగిన వంకలో కొట్టుకుపోయింది కాబట్టి, ఆ రోడ్డు ప్రస్తుతం మ్యాపులో మాత్రమే నడుస్తోంది.

సుద్దపల్లెలో ఓబుళమ్మ అనే పిల్ల ఉండేది. కుట్టుమిషను పెట్టుకుని రెండూళ్ళ రవికలూ కుట్టేది. మాటకు మాట అంటించడంలో కూడా ఆమె చెయ్యి తిరిగినదే. అందుకే వచ్చిన సంబంధాలు వచ్చినట్టే లేచిపోయేవి. చివరికి కావిపల్లెలో సైకిళ్ళ షాపు తిరుపాలు, దూరపు చుట్టరికాన బావ వరసవాడు, ఆ మాటల కోసమే ఆమెను చేసుకుంటానన్నాడు. తనకు ముప్పయ్యేళ్ళు వచ్చాక ఒక మగవాడు తన నోరు చూసి ఇష్టపడ్డాడంటే ఓబుళమ్మ మొదట నమ్మలేదు. నమ్మిన తర్వాత మాత్రం ఆ పెళ్ళి కోసం ఎంత దూరమైనా పోవడానికి సిద్ధపడింది. పోవలసిన దూరం అరగంట నడకే. వాళ్ళ ఆచారం ప్రకారం పెళ్ళి మగపిల్లవాడి ఇంట్లో జరగాలి. పెళ్ళికూతురు బలగంతో గట్టు దాటి కావిపల్లె చేరితే సరిపోతుంది.

సరిగ్గా అప్పుడే రాష్ట్ర శిలాసౌందర్య పథాల సంస్థ పుట్టింది.

ఆ సంస్థకు ఎం.డి. మార్కండేయులు గారు. నడకా సైకిలూ కలిసిన కొండబాటలంటే దేశమంతటికీ పిచ్చి పట్టిన రోజులవి. పంచవన్నెల గట్టును కూడా 'నడక-సైకిలు సాహస పథం'గా ప్రకటించారు. ప్రారంభోత్సవం నాడు ఎం.డి. గారు తలకు హెల్మెట్టు, మోకాళ్ళకు తొడుగులు పెట్టుకుని, గేర్ల సైకిలెక్కి, వెనక విలేఖరులతో కావిపల్లె నుంచి పడమటికి బయలుదేరారు. సగం దారిలో ఎదురుగా ఓబుళమ్మ తండ్రి బాలపెద్దన్న గాడిద, సుద్ద మూటతో వచ్చింది. ఎం.డి. గారు గంట కొట్టారు. గాడిద చెవులాడించింది. ఎం.డి. గారు మళ్ళీ కొట్టారు. గాడిద ఈసారి అదీ చెయ్యలేదు. చివరికి ఎవరు పక్కకు జరిగారో మర్నాడు పేపర్లన్నిటిలోనూ ఫోటో పడింది.

తొలి సమావేశంలో మార్కండేయులు గారు గంభీరంగా అన్నారు. "ఇది గాడిద సమస్య కాదు. గాడిదను సమస్యగా చూడడం సంకుచిత దృష్టి. ఇది దిశల సమస్య. ఒక పథంపై రెండు దిశలు ఉన్నంతకాలం అభిముఖ సంఘర్షణ అనివార్యం. కాబట్టి ఒక దిశను రద్దు చేద్దాం."

ఏ దిశను రద్దు చెయ్యాలన్న దానిపై మధ్యాహ్నం భోజనాల దాకా చర్చ సాగింది. బ్రోచరు మీద ఎం.డి. గారి ఫోటో పడమటి ముఖంగా ఉంది. అందువల్ల తూర్పును రద్దు చేశారు.

ఈ సంగతి గ్రామస్తులకు తెలియజెయ్యడానికి సుద్దపల్లె బడిలో సభ పెట్టారు. వెనక బెంచీలో తండ్రి పక్కన ఓబుళమ్మ కూడా కూర్చుంది.

"ప్రియమైన భాగస్వాములారా!" అన్నారు ఎం.డి. గారు. "ఇకపై ఈ పథం ఏకదిశా పథం. కావిపల్లె వద్ద ప్రవేశం. సుద్దపల్లె వద్ద పరిపూర్తి."

బాలపెద్దన్న లేచాడు. "సార్, అందరూ ఈడికి వచ్చేదే అయితే, ఇంగ ఆడికి పోయేదెట్ల సార్?"

"మంచి ప్రశ్న. మా పథకం యొక్క దార్శనికత గమ్యం చేరడం. తిరుగు ప్రయాణం మా పరిధిలోకి రాదు. అందుకు సంబంధిత శాఖను సంప్రదించగలరు."

"ఆ శాఖ యాడుంది సార్?"

"అది ఇంకా ఏర్పడవలసి ఉంది."

సభ చప్పట్లతో ముగిసింది. చప్పట్లు కొట్టినవాళ్ళు సంస్థవాళ్ళే గానీ, వాళ్ళు చాలామందే వచ్చారు.

వారం తిరిగేసరికి గట్టు పొడుగునా స్తంభాలు లేచాయి. స్తంభానికొక కెమెరా, కెమెరాకొక మైకు. కెమెరాలన్నీ తూర్పుకే చూస్తుంటాయి. పడమటికి వచ్చేవాళ్ళ ముఖం వాటికి కనబడుతుంది, అప్పుడు పచ్చ దీపం వెలుగుతుంది. తూర్పుకు పోయేవాడి వీపు కనబడుతుంది, అప్పుడు సైరను మోగుతుంది. పక్కన బోర్డు: "పథంపై సంచరించు ప్రతి వ్యక్తి కెమెరాకు ముఖము చూపవలెను. వీపు చూపుట నేరము." సైరను మోగించినవాడిని పట్టుకుని పడమటి గేటుకు చేర్చడానికి భీమలింగం అనే సూపర్‌వైజరు వచ్చాడు. కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు. ఎం.డి. గారిని ఫోటోలో తప్ప చూసి ఎరగడు గానీ, ఆ ఫోటోకు రోజూ పొద్దున్నే అగరొత్తి వెలిగించేవాడు.

ఇక చూడండి తమాషా. పట్నాల నుంచి జనం తండోపతండాలుగా వచ్చారు. నడిచేవాళ్ళు నడిచారు, తొక్కేవాళ్ళు తిరుపాలు దగ్గర సైకిళ్ళు అద్దెకు తీసుకుని తొక్కారు. ఊదారాయి దగ్గర ఫోటోలు, పసుపురాయి దగ్గర ఫోటోలు, ఎర్రరాయి దగ్గర కేకలు. ఆనందంతో రొప్పుతూ సుద్దపల్లె గేటు దాటేవాళ్ళు. దాటాక కాసిన్ని నీళ్ళు తాగి, "తిరిగి పోవడానికి ఎటండీ?" అని అడిగేవాళ్ళు.

భీమలింగం వినయంగా గేటు మీది బోర్డు చూపించేవాడు. దాని మీద 'ధన్యవాదాలు. మళ్ళీ రండి' అని ఉంది.

"మళ్ళీ రావాలంటే ముందు పోవాలి గదయ్యా!"

"ఆ వివరాలు కావిపల్లె గేటులో చెబుతారు సార్."

కార్లు కావిపల్లెలో, మనుషులు సుద్దపల్లెలో ఉండిపోయారు. ఊళ్ళో ప్రతి అరుగు మీదా ఎవరో ఒకరు బూట్లు విప్పుకుని కూర్చుని ఉండేవాళ్ళు. బాలపెద్దన్న ఇంట్లో ఇద్దరు ఇంజనీర్లు, ఒక దంత వైద్యుడు పడుకునేవాళ్ళు. దంత వైద్యుడు పొద్దుపోక గాడిద పళ్ళు చూసి, బాగున్నాయని చెప్పాడు. తిరుపాలు సైకిళ్ళన్నీ గేటు పక్కన కట్టెల మోపులా పోగుపడ్డాయి. సంస్థ మాత్రం పరమానందంగా నివేదిక విడుదల చేసింది: పథం మీద వెళ్ళినవారిలో అసంతృప్తితో తిరిగి వచ్చినవారు ఒక్కరూ లేరు.

ఒకనాడు తిరుపాలు తన షాపులో మిగిలిన ఆఖరి సైకిలెక్కి, తక్కిన సైకిళ్ళను వెతుక్కుంటూ సుద్దపల్లె వచ్చాడు. ఓబుళమ్మను చూడవచ్చని కూడా అతని లోపల ఉంది. చూశాడు, మురిశాడు, భోంచేశాడు. అప్పుడు గుర్తొచ్చింది తిరిగి పోయే దారి లేదని.

"పెండ్లి కాకముందే అల్లుడు ఇంట్లో దిగినాడని ఊరు నవ్వుతాది బావా," అంది ఓబుళమ్మ, నోరు కొంగుతో మూసుకుని. "దంత డాక్టరు పక్కన చాప ఎయ్యమంటావా?"

తిరుపాలు సిగ్గుతో చచ్చిపోయాడు. కావిపల్లె మర్యాదస్తుడు. మామగారికి వీపు చూపగూడదన్న పాతకాలపు పెంపకం. చేతులు కట్టుకుని, "పోయొస్తా మామా, శలవు మామా" అంటూ, మామ ముఖమే చూస్తూ వెనక్కి వెనక్కి అడుగులేశాడు. బాలపెద్దన్న కూడా మర్యాదస్తుడే. సాగనంపుతూ వెంట వచ్చాడు. మాటలో మాటగా ఇద్దరూ గేటు దాటారు, మొదటి స్తంభం కిందికి వచ్చారు. తిరుపాలు ముఖం పడమటికే ఉంది, వీపు తూర్పుకు పోతోంది. పచ్చ దీపం ముచ్చటగా వెలిగింది. ఎటొచ్చీ, ఆ వెంటనే మామగారి వీపు కెమెరాకు కనబడి సైరను మోగింది. తెల్లబోయి మామ ఆగాడు. అల్లుడు మాత్రం వెనక్కి నడుస్తూ నడుస్తూ కావిపల్లె చేరి, తన షాపుకు తట్టుకుని ఆగాడు.

ఆ సాయంత్రం అరుగుల మీది జనమంతా లేచారు. ఇంజనీర్లు, దంత వైద్యుడు, బొద్దుగా ఉన్న ఒక తెలుగు లెక్చరరు, అందరూ సుద్దపల్లెకు ముఖం చూపిస్తూ వెనక్కి నడిచి ఇళ్ళకు పోయారు. రాళ్ళు తగిలి ముగ్గురు పడ్డారు. పడినవాళ్ళు కూడా వెల్లకిలా పడ్డారు కాబట్టి కెమెరాకు అభ్యంతరం లేకపోయింది.

తిరుపాలు బుర్ర ఊరుకోలేదు. సుద్దపల్లె నుంచి వెనక్కి నడుస్తూ ఈడ్చుకొచ్చిన ఒక సైకిలు సీటును తిప్పి బిగించి, వెనక్కి కూర్చుని తొక్కే సైకిలు తయారుచేశాడు. ముందు ఏముందో చూసుకోవడానికి ఒక అద్దం కట్టాడు. నడిచేవాళ్ళు కూడా చేతిలో అద్దాలు పట్టుకున్నారు. పంచవన్నెల గట్టును అందరూ అద్దంలో చూస్తూ, "ఆహా, ఎంత బాగుంది!" అని అద్దాన్ని మెచ్చుకునేవాళ్ళు.

సంస్థ దీన్ని అడ్డుకుంటుందని ఓబుళమ్మ భయపడింది. ఆమె సంస్థను తక్కువ అంచనా వేసింది. రాజధాని నుంచి మార్కండేయులు గారు టీవీలో ప్రకటించారు: "మా దూరదృష్టితో రూపుదిద్దుకున్న తిరోగమన నడక ప్రపంచానికే ఆదర్శం. మా నినాదం, ముందుచూపుతో వెనకడుగు!" వెనక నడిస్తే మోకాళ్ళకు మంచిదని ఒక డాక్టరు, మనసుకు మంచిదని ఒక స్వామి, జుట్టుకు మంచిదని ఒక షాంపూ కంపెనీ చెప్పాయి. పట్నాల్లో పార్కులన్నిటా జనం వెనక్కి నడిచి ఒకరినొకరు గుద్దుకోసాగారు.

గిట్టనిదల్లా ఒక్క లింగమ్మకే. లింగమ్మ తిరుపాలు తల్లి. చూపు కాస్త మందం గానీ, మాట ఖరారు. ఒక పొద్దున కొడుకును వెంటబెట్టుకుని గట్టు దాటి వచ్చి, బాలపెద్దన్న ఇంటి ముందు కూర్చుంది.

"అన్నా, మెట్టినింటికి వచ్చే పిల్ల పుట్టింటి దిక్కు తిరిగి చూడగూడదు. గుమ్మం దాటినాక ఎనక్కి చూస్తే కాపురం నిలవదు. మా ఇంటికి వచ్చిన ఆడోళ్ళు ఒక్కరూ చూల్లా. నేనూ చూల్లా. ఇప్పుడు మీ పిల్ల ఎట్లొస్తాది? దారి పొడుగునా పుట్టింటినే చూసుకుంటా ఎనక్కి నడిచొస్తాదా?"

"అదీ రూలు అక్కా," అన్నాడు బాలపెద్దన్న నీళ్ళు నములుతూ.

"రూలు మీ గట్టుది. ఇల్లు నాది. ముఖం తూర్పుకు పెట్టి వస్తే హారతి పట్టుకుంటా. లేదంటే ఈ పెండ్లి వద్దు."

తిరుపాలు తల్లిని బతిమాలాడు. తల్లి కదల్లేదు. కొడుకు కంటే కాపురం ముఖ్యమంది. ఆ కాపురం కొడుకుదే అన్నా వినలేదు.

ఆమె వెళ్ళాక ఓబుళమ్మ మిషను ముందు కూర్చుంది గానీ కుట్టలేకపోయింది. ఎప్పుడూ ఏదో ఒకటి తిప్పికొట్టే నోరు ఆరోజు మూతపడింది. ఇన్నేళ్ళకు తనను తనలాగే కోరుకున్న మనిషి దొరికాడు. అరగంట దూరంలో ఉన్నాడు. మధ్యలో ఒక ముసలామె పట్టింపు, ఒక సంస్థ పట్టింపు. రెండిటికీ ఎదురెదురు ముఖాలు. ఆమెకు ఏడుపొచ్చింది. కాసేపు ఏడ్చింది కూడా.

ఏడుపయ్యాక తండ్రిని లేపి, అర్జీ రాయించుకుని, ఆయన్ను వెంటబెట్టుకుని, గట్టు మీద వెనక్కి నడిచి, కావిపల్లెలో బస్సెక్కి రాజధానికి పోయింది. సంస్థ ఆఫీసు ఏడంతస్తులు. లిఫ్టు పైకి మాత్రమే పోతుంది.

మార్కండేయులు గారు అర్జీ చదివి కళ్ళజోడు తుడుచుకున్నారు. "అమ్మా, మీ భావోద్వేగాన్ని సంస్థ గౌరవిస్తుంది. కానీ ఒక వధువుకు మినహాయింపు ఇస్తే రేపు ఇంకొక వధువు వస్తుంది. వధువుల తర్వాత వరులు వస్తారు. వ్యవస్థ ఏమైపోవాలి?"

"ఒక్క పొద్దు సార్. అరగంట. తూర్పుకు తిరిగి నడిచిపోతా."

"ఒక మార్గం ఉంది," అన్నారాయన ఆలోచించి. "నియమం వ్యక్తులకే వర్తిస్తుంది. సరుకులకు ముఖం ఉండదు. మిమ్మల్ని సరుకుగా నమోదు చేసి, గోనెసంచిలో..."

"సార్," అంది ఓబుళమ్మ లేస్తూ. "ముందు మీ ఇంట్లో పెండ్లికి మీరు ఆ సంచి కుట్టించుకోండి. రేటు తగ్గించి నేనే కుడతా."

కూతురి నోరు తిరిగి వచ్చినందుకు దారి పొడుగునా బాలపెద్దన్న సంతోషించాడు. పని మాత్రం కాలేదు.

పెళ్ళి ముహూర్తం దగ్గరపడింది. అదే రోజున పథం వార్షికోత్సవం కూడా వచ్చింది. ఎం.డి. గారే స్వయంగా పథమంతా నడిచి ఫోటోలు దిగుతారని కబురొచ్చింది. దానితోపాటు ఒక ఉత్తర్వు: "వార్షికోత్సవమునాడు పథముపై సంచరించు ప్రతి ఒక్కరూ గౌరవనీయ ఎం.డి. గారి ముఖాకృతిని ధరించవలెను." అట్టముక్కల మీద అచ్చేసిన ఎం.డి. గారి ముఖాలు కట్టలు కట్టలుగా దిగాయి. బొద్దు మీసం, చెవి నుంచి చెవి దాకా నవ్వు. వాటికి నాడాలు కుట్టాలి. ఆ చుట్టుపక్కల మిషను ఉన్నది ఓబుళమ్మకే కాబట్టి ఆ పని ఆమెకే వచ్చింది.

పెళ్ళి తప్పిపోతున్న పిల్ల, ఆ పెళ్ళి తప్పించినవాడి ముఖాలకు నాడాలు కుట్టింది. ఒక్కొక్క ముఖాన్నీ కావాలని కొంచెం గట్టిగానే సూదితో పొడిచింది. చీకటి పడేవేళకు ఇల్లంతా ఎం.డి. గారే. మంచం మీద ఎం.డి. గారు, ఉట్టి మీద ఎం.డి. గారు, కుండ మూత మీద ఎం.డి. గారు. అందరూ ఆమెను చూసి నవ్వుతున్నారు.

"ఎంతసేపు చూస్తావు సామీ," అందామె మిషను మీద ఉన్న ముఖంతో. "నీకేం పని లేదా?"

అన్నాక చెయ్యి ఆగిపోయింది. బోర్డు మీద ఏముంది? కెమెరాకు ముఖం చూపాలని ఉంది. ఎవరి ముఖమో లేదు. తలకు ఎటువైపో అసలే లేదు.

ఆమె ఒక ముఖాన్ని తీసుకుని పెరట్లోకి పోయింది. గాడిద తోక పైభాగాన నాడా చుట్టి ముడేసి, గేటు దాటించి, తూర్పుకు తోలింది. మామూలుగానైతే గాడిద తూర్పుకు అడుగేస్తే ఊరంతా లేచేంత సైరను మోగేది. ఆరోజు మొదటి స్తంభం కిందికి గాడిద పోయింది. పచ్చ దీపం వెలిగింది. అంతటితో ఆగలేదు. ప్రముఖుల ముఖాలు గుర్తుపట్టి పలకరించే తెలివి ఆ యంత్రానికి సంస్థ ముందే నేర్పి ఉంచింది.

"నమస్కారం, ఎం.డి. గారూ! మీ రాక మాకు గర్వకారణం!" అంది మైకు.

గేటు పక్క గుడిసెలో కునుకు తీస్తున్న భీమలింగం దిగ్గున లేచి నిలబడి, చీకట్లోకి సెల్యూట్ కొట్టాడు. గాడిద తోక ఊపింది. ఓబుళమ్మ నేల మీద కూలబడి, పొట్ట పట్టుకుని, ఊపిరాడనంతగా నవ్వింది.

పెళ్ళినాడు పొద్దున సుద్దపల్లె బలగమంతా బయలుదేరింది. డప్పులవాళ్ళు, పసుపు బిందెలు, పట్టుచీరలు. ప్రతి మనిషికీ ముందు వాళ్ళ ముఖం, తల వెనక ఎం.డి. గారి ముఖం. ఓబుళమ్మ జడ మీద మల్లెలు, మల్లెల మీద మీసం. ఉత్తర్వు ప్రకారం అందరూ ముఖాకృతులు ధరించారా లేదా అని భీమలింగం ఒక్కొక్కరినీ చూసుకున్నాడు. ధరించారు. ఎటువైపు ధరించాలో ఉత్తర్వులో లేదు కాబట్టి, అతనూ గేటు తీశాడు.

గట్టు మీద ఎండ అప్పుడే పాకుతోంది. ఎరుపు మీద పసుపు, పసుపు మీద ఊదా మెరుస్తున్నాయి. ఏడాది తర్వాత సుద్దపల్లెవాళ్ళు మొదటిసారి ఆ దారిన ముందుకు చూస్తూ తూర్పుకు నడిచారు. ముసలివాళ్ళకు కూడా కాళ్ళు తేలికయ్యాయి. అద్దాలు విసిరేసి గంతులేశారు. స్తంభం స్తంభానికీ మైకు తడబడుతూ, "నమస్కారం ఎం.డి. గారూ, నమస్కారం ఎం.డి. గారూ, నమస్కారం ఎం.డి. గారూ" అని డప్పుతో పోటీపడింది. డప్పులవాళ్ళు ఆ వరసే పట్టుకుని దరువేశారు.

సగం దారిలో, ఊదారాయి మలుపు దగ్గర, ఎదురుగా ఎం.డి. గారు తగిలారు. హెల్మెట్టుతో, ఫోటోగ్రాఫర్లతో, నిజం ఎం.డి. గారు.

"ఏమిటిది?" అన్నారాయన. "మీరంతా ఎటు పోతున్నారు?"

"రూలు ప్రకారం పడమటికి ముఖం చూపిస్తాండాం సార్," అంది ఓబుళమ్మ, తల కొంచెం పక్కకు వంచి వెనక ముఖాన్ని చూపించి. "మీ ముఖమే."

"అభిముఖంగా వస్తున్నారు! ఇది సంఘర్షణ!"

"రొంత జరుగు సార్," అంది ఓబుళమ్మ.

వెనక డప్పులు, బిందెలు, బలగం. ఇరుకు దారి. మార్కండేయులు గారు జరిగారు. పెళ్ళివారంతా ఆయన్ను దాటుకుంటూ పోయారు. పోతున్న ఒక్కొక్కరి తల వెనక నుంచీ ఆయన ముఖమే ఆయన్ను చూసి నవ్వుతూ పోయింది. అన్ని నవ్వులు చూసి ఆయన సహనం తెగింది.

"ఆగండి!" అని అరుస్తూ, పోతున్నవాళ్ళ మీదికి, తూర్పుకు తిరిగారు.

అంతే. నెత్తిమీది కెమెరాకు ఆయన వీపు కనబడింది. పంచవన్నెలూ అదిరేలా సైరను మోగింది. "వీపు కనబడుచున్నది! వీపు కనబడుచున్నది!"

భీమలింగం పరుగెత్తుకొచ్చి ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు. "పదండి సార్, పడమటి గేటుకు."

"నేనెవరో తెలుసా? నేను ఎం.డి.ని!"

భీమలింగం జాలిగా చూశాడు. "ఎం.డి. గారు ఇప్పుడే దాటిపోయినారు సార్. శానా మార్లు దాటినారు, మైకు చెప్పింది. అయినా మా సారు ఎప్పుడూ నవ్వుతుంటారు. మీరు రొంత నవ్వండి, చూస్తా."

మార్కండేయులు గారు నవ్వడానికి ప్రయత్నించారు. ఆ పూట నవ్వు రాలేదు. చెయ్యి వదలకుండా భీమలింగం ఆయన్ను సుద్దపల్లెకు నడిపించుకుపోయి, 'మళ్ళీ రండి' బోర్డు కింద అరుగు మీద కూర్చోబెట్టి, కుండలో నీళ్ళిచ్చాడు.

కావిపల్లెలో తిరుపాలు గట్టు దిగువకే ఎదురొచ్చి నిలబడ్డాడు. ముందుకు నడిచి వస్తున్న ఓబుళమ్మను చూసి అతని ముఖం వెలిగిపోయింది.

లింగమ్మ గుమ్మంలో హారతి పళ్ళెంతో నిలబడింది. "ఎనక్కి చూసిందా?"

"చూల్లా అమ్మా. దారి పొడుగునా ముందుకే చూసింది," అన్నాడు తిరుపాలు.

"అట్లయితే రమ్మను."

ఓబుళమ్మ గుమ్మం ముందుకు వచ్చింది. ఒక్క అడుగు వేస్తే కథ సుఖాంతం. అప్పుడు ఆమెకు ఒక సంగతి తోచింది. తిరిగి చూసి తీరాలని సంస్థ ఏడాదిపాటు మెడలు వంచింది. తిరిగి చూడగూడదని అత్తగారు పెళ్ళే ఆపబోయింది. చూడాలని ఉందా లేదా అని ఇద్దరిలో ఒక్కరూ తనను అడగలేదు. ఆమెకు చూడాలని ఉంది. చాలా ఉంది.

ఓబుళమ్మ గుమ్మం ముందే గిర్రున వెనక్కి తిరిగింది. గట్టు మొత్తం ఎదురుగా నిలబడింది, కావి దగ్గర నుంచి సుద్ద దాకా. ఆ సుద్ద వెనక ఎక్కడో వాళ్ళ ఇల్లు, మిషను, గాడిద కొట్టం. కళ్ళనిండా నీళ్ళు వచ్చాయి. తుడుచుకోకుండా, తొందరపడకుండా, తనివితీరా చూసింది.

వెనక లింగమ్మ హారతి వెలిగించింది. కర్పూరం పొగలో, మందమైన చూపుతో, ఎదురుగా కనబడిన ముఖానికి భక్తిగా మూడుసార్లు తిప్పింది. మూడోసారి చెయ్యి ఆగింది.

"ఏందిరా తిరుపాలూ," అంది కంగారుగా, "పిల్లకు ఇంత మీసముండాదని చెప్పలేదే!"

డప్పులవాళ్ళు దరువు మరిచిపోయి నవ్వారు. తిరుపాలు అరుగు మీది స్తంభం పట్టుకుని నవ్వాడు. ఓబుళమ్మ కూడా ఏడుస్తూనే నవ్వింది. నవ్వుతూనే, చెయ్యి వెనక్కి చాపి గడప తడుముకుని, కుడికాలు ముందుగా, వెనక్కి అడుగేసి అత్తారింట్లోకి వచ్చింది. అప్పటికీ ఆమె ముఖం పడమరకే ఉంది.